సంఘం ఇచ్చిన చిన్న ఫోను: నంబరు ఎవరిది, వాడకం ఎలా?

మన సభ్య సంఘాలలో కార్యదర్శికి సంఘం తరఫున ఒక చిన్న మొబైల్ ఫోను ఇవ్వడం ఇప్పుడు మామూలైపోయింది. మీటలున్న ఫోను, చొక్కా జేబులో ఇమిడేది, రాత్రి పూట దీపంగా కూడా పనికివచ్చేది. క్యాన్లు, తూకపు యంత్రం, వెన్న పరీక్ష సామగ్రి కొన్నప్పుడు స్టాకు రిజిస్టరులో రాసి, వాటి వాడకం గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం మనకు అలవాటు. ఫోను విషయంలో మాత్రం ఆ అలవాటు తప్పింది. చిన్న వస్తువే కదా, అందరికీ తెలిసిందే కదా అని ఊరుకుంటున్నాము. అందువల్ల కలుగుతున్న చిక్కులను మేము సంఘాలకు వెళ్లినప్పుడు చూస్తున్నాము. వాటిని సభ్య సంఘాల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జరిగిన ఒక సంగతి

ఒక సంఘంలో కార్యదర్శి గారు మంచివారు, లెక్కలలో పైసా తేడా రానివారు. ఆయన మేనకోడలి పెళ్లికి పట్నం వెళ్లారు. పాలు పోయించుకొనే బాధ్యత టెస్టరుకు అప్పగించారు. తాళాలు ఇచ్చారు, రిజిస్టర్లు ఇచ్చారు. ఫోను మాత్రం అలవాటు ప్రకారం జేబులోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఒక సభ్యురాలి గేదె ఎదకు వచ్చింది. గేదెలలో మూగ ఎద ఎక్కువ. అరుపు ఉండదు, అలజడి అంతగా కనిపించదు. తీగలు వేయడం చూసి ఆమె గుర్తుపట్టారు. సాయంత్రం ఎద కనిపిస్తే మర్నాడు ఉదయం, ఉదయం కనిపిస్తే అదే సాయంత్రం సూది వేయించాలని మనం చెబుతూనే ఉన్నాము. ఆమె అలాగే చేయబోయారు. పాసుపుస్తకం మీద ముద్రించిన సంఘం నంబరుకు రాత్రి రెండుసార్లు, తెల్లవారి ఒకసారి ఫోను చేశారు. పెళ్లి సందడిలో ఎవరికీ వినబడలేదు. గోపాలమిత్ర ఆ ఉదయం పక్క వీధిలోనే పని చేసుకొని వెళ్లిపోయారు. కబురు అందలేదు కనుక ఆమె ఇంటికి రాలేదు.

ఎద తప్పిపోతే మళ్లీ సుమారు 21 రోజులు ఆగాలి. ఈసారి కూడా మూగ ఎదే అయితే అదీ తప్పిపోవచ్చు. ఆ 21 రోజుల మేత ఖర్చు ఆమెదే, ఈత వెనుకబడితే పాలు ఆలస్యమయ్యేదీ ఆమెకే. ఆమె తగవు పెట్టుకోలేదు. కార్యదర్శి గారు తిరిగివచ్చిన తరువాత ఒకే మాట అన్నారు: "ఫోను నీ జేబులో ఉంటే ఉండనీ నాయనా, నంబరు మాత్రం మా అందరిదీ కదా." మూడు వారాల తరువాత గేదెకు మళ్లీ ఎద వచ్చినప్పుడు ఆమె ఫోను చేయలేదు. చీకటితోనే వచ్చి కేంద్రం ముందు నిలబడ్డారు.

మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఆ ఒక్క మాటలోనే ఉన్నది. ఫోను కార్యదర్శి చేతిలో ఉంటుంది, కాని దాని నంబరు పదవిది, సంఘానిది. తాళాల గుత్తి ఎవరికి అప్పగిస్తే ఫోను వారికి అప్పగించాలి.

డబ్బు సంగతి మారింది, పని సంగతి మారలేదు

చేతిలో పట్టుకొని మాట్లాడే ఫోనుతో మొదటి కాలు 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్‌లో మార్టిన్ కూపర్ అనే ఇంజనీరు చేశారు. ఆ ఫోను కిలోకు పైగా బరువు. మన దేశంలో మొబైల్ ఫోను మాట 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య మొదలైంది. తొలి రోజులలో మనకు వచ్చిన కాలుకు కూడా మనమే డబ్బు కట్టవలసి వచ్చేది. 2003లో ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు నెలకో, మూడు నెలలకో ఒకసారి రీచార్జి చేస్తే మాటలకు విడిగా లెక్క ఉండదు.

ఈ మార్పు వల్ల ఒక పొరపాటు అభిప్రాయం ఏర్పడింది. "ఎంతసేపు మాట్లాడినా సంఘానికి పైసా ఖర్చు లేదు కదా" అంటున్నారు. డబ్బు లెక్కన అది నిజమే. కాని ఒకరు మాట్లాడుతున్నంతసేపు మరొకరికి ఆ నంబరు దొరకదు. కరెంటు పోయి బల్కు కూలరు ఆగినప్పుడు జనరేటరు మనిషి చేసే ఫోను, రూటు వ్యాను చెడిపోయిందని డ్రైవరు చేసే ఫోను ఆ సమయంలోనే రావచ్చు. అప్పుడే పితికిన పాలు పశువు ఒంటి వేడితో, అంటే 38 డిగ్రీల దగ్గరలో ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు అరగంటకు రెట్టింపు అవుతాయనుకొంటే రెండు గంటలలో ఒకటి 16 అవుతుంది. పాలను త్వరగా 4 డిగ్రీలకు చల్లార్చాలనడం ఇందుకే. వ్యాను రాదని ముందే తెలిస్తే వేరే ఏర్పాటు చేసుకోవచ్చు. తెలియకపోతే పాలు విరిగిన తరువాతే తెలుస్తుంది. కనుక ఉదయం, సాయంత్రం పాలు పోసే వేళలలో ఈ ఫోనులో సొంత మాటలు వద్దు. మిగిలిన వేళలలో ఇంటికి ఒక మాట చెప్పుకొంటే ఎవరూ తప్పుపట్టనవసరం లేదు.

సిమ్ కార్డు ఎవరి పేరిట ఉన్నది?

ఫోను పెట్టె మాత్రమే. నంబరు సిమ్ కార్డుకు చెందినది. ఆ సిమ్ ఎవరి పేరిట తీసికొంటే కంపెనీ లెక్కలో నంబరు వారిదే. చాలా సంఘాలలో తొందర కోసం కార్యదర్శి తన ఆధార్ కార్డు చూపించి సిమ్ తెచ్చారు. సదుద్దేశంతోనే తెచ్చారు. కాని ఆయన ఉద్యోగం మానినప్పుడు, లేదా కాలం చేసినప్పుడు, నంబరు ఆయనతో పోతుంది. సభ్యుల పాసుపుస్తకాల మీద, శీతలీకరణ కేంద్రం గోడ మీద, బ్యాంకు ఖాతాలో ఉన్నది మాత్రం ఆ నంబరే.

దీనికి మార్గం సంఘం పేరిట కనెక్షను తీసికొనడం. రిజిస్ట్రేషను పత్రం, పాలకవర్గ తీర్మానం, బాధ్యుని సంతకం కావలసి ఉంటాయి. ఫోను ఎవరి చేతిలో ఉంటుందో ఆ మనిషి గుర్తింపు కూడా కంపెనీ అడుగుతుంది. మనిషి మారినప్పుడు ఆ సంగతి కంపెనీకి తెలియజేయాలి. ఇప్పటికే వ్యక్తి పేరిట ఉన్న నంబరు అందరికీ తెలిసినదైతే, ఆ వ్యక్తి మనతో ఉండగానే పేరు మార్పించుకొనడం మంచిది. తరువాత ఆయనను వెతుక్కుంటూ వెళ్లడం ఇద్దరికీ ఇబ్బంది.

మరొక జాగ్రత్త. రీచార్జి మరచిపోయి, నంబరు 90 రోజులు ఏ వాడకమూ లేకుండా ఉంటే కంపెనీ దానిని రద్దు చేయవచ్చు. అలా రద్దయిన నంబరు కొంతకాలానికి మరొకరికి ఇస్తారు. అప్పుడు మన సభ్యుల ఫోనులూ, మన బ్యాంకు సందేశాలూ ఎవరో కొత్తవారికి వెళతాయి. రీచార్జి గడువు తేదీని కేంద్రంలోని క్యాలెండరు మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. రీచార్జి ఖర్చు సంఘానిదే. కార్యదర్శి తన జీతం నుండి కట్టి తరువాత అడుక్కొనే పరిస్థితి రానీయకండి.

ఆరు అంకెల సంతకం

సంఘం చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలని మన నియమం. ఆ నియమం వెనుక ఎవరి మీదా అనుమానం లేదు. ఒకరు పొరబడితే రెండవవారు చూస్తారన్నదే దాని భావం. ఇప్పుడు బ్యాంకు నుండి ఫోనుకు వచ్చే ఓటీపీ అనే అంకెలు కూడా సంతకం వంటివే. సాధారణంగా అవి ఆరు అంకెలు. వాటిని పైవారికి చెప్పడం ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇచ్చినట్లే.

"మీ సంఘం ఖాతా ఈ సాయంత్రంతో ఆగిపోతుంది, వివరాలు చెప్పండి" అంటూ బ్యాంకు వారివలె మాట్లాడే మోసగాళ్లు ఉన్నారు. వారు సరిగా బిల్లుల పంపిణీకి ముందు రోజు ఫోను చేస్తే మనిషి కంగారుపడటం సహజం. బ్యాంకు వారు ఓటీపీ గాని, పిన్ గాని ఫోనులో అడగరు. అడిగినవారు బ్యాంకువారు కారు. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు. ఫోను పెట్టివేసి, అవసరమైతే మీరే బ్యాంకుకు వెళ్లి అడగండి. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి, బ్యాంకుకు తెలపండి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మీటల ఫోనుతో ఇటువంటి భయం లేదని కొందరు అనుకొంటున్నారు. అది సరికాదు. ఇంటర్నెట్ లేని ఫోనుతో కూడా డబ్బు పంపే పద్ధతిని 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించింది. ఓటీపీ ఎలాగూ చిన్న ఫోనుకూ వస్తుంది. అందువల్ల సంఘం ఫోను పిల్లల ఆటకు ఇవ్వదగిన వస్తువు కాదు.

పాలు పోసే బల్ల దగ్గర

ఫోను చిన్నది కావడం సౌకర్యమే గాని, పాల కేంద్రంలో అదే ఒక ప్రమాదం. చొక్కా పై జేబులో పెట్టుకొని క్యాను మీదికి వంగితే ఫోను పాలలో పడుతుంది. మేము చూసిన ఒకచోట అలాగే పడింది. ఫోను ఆరబెట్టగా పనిచేసింది. నలుగురు సభ్యులు పోసిన ఆ క్యాను పాలు మాత్రం పారబోయవలసి వచ్చింది. ఎన్నో చేతులు మారి, ఎన్నో చోట్ల పెట్టిన వస్తువు పడిన పాలు మనుషులు తాగడానికి పనికిరావు. బల్లకు దూరంగా గోడకు ఒక చిన్న అర కొట్టించి ఫోను అక్కడ ఉంచండి. ఎత్తి మాట్లాడిన తరువాత చేతులు కడుక్కొని మాత్రమే నమూనా తీయండి.

గెర్బరు పద్ధతిలో వెన్న పరీక్ష చేసేవారు 10 మిల్లీలీటర్ల గంధకామ్లాన్ని కొలిచి పోసేటప్పుడు ఫోను మోగినా ఎత్తవద్దు. ఆమ్లం చేతిలో ఉండగా దృష్టి మరలితే కంటికే ముప్పు. యంత్రంతో పరీక్ష చేసే చోట ఆమ్లం భయం లేదు గాని, అంకె రాయడంలో పొరపాటు భయం ఉన్నది. 6.2 వచ్చినది 6.0 అని రాస్తే ఏమవుతుందో చూడండి. 5 లీటర్ల పాలు సుమారు 5.15 కిలోలు. అందులో 0.2 శాతం అంటే 10 గ్రాములకు పైగా వెన్న. కిలో వెన్న ధర 800 రూపాయలని లెక్కకు అనుకొంటే ఆ సభ్యునికి ఒక పూటకు 8 రూపాయల నష్టం. మన ఫోను మాట అర నిమిషమే. అతని నష్టం చిట్టీలో ఎక్కిపోయింది. పైగా ఎదుట నిలబడి చూస్తున్న సభ్యునికి, లెక్క సరిగా రాసినా, అనుమానం మిగిలిపోతుంది.

ఫోను ఎన్నిక, సంరక్షణ

చిన్న ఫోనులన్నీ ఒకటి కావు. కొన్ని 2జీ మీద మాత్రమే పనిచేస్తాయి, కొన్ని 4జీ మీద కూడా పనిచేస్తాయి. 2జీ లేని కంపెనీ సిమ్ కార్డు 2జీ ఫోనులో పనిచేయదు. కొనేముందు మీ ఊరిలో, అదీ పాల కేంద్రం గదిలోనే, ఏ కంపెనీ సిగ్నలు బాగుందో చూసికొని తరువాత ఫోను కొనండి.

టవరు దూరమైనకొద్దీ ఫోను ఎక్కువ శక్తితో మాట పంపవలసి వస్తుంది. రేకుల షెడ్డులో ఉంచిన ఫోనుకు బ్యాటరీ త్వరగా అయిపోవడానికి ఇది ఒక కారణం. కిటికీ దగ్గర ఉంచితే తేడా మీకే తెలుస్తుంది. బ్యాటరీకి వేడి పనికిరాదు. కనుక ఎండలో, బాయిలరు పక్కన ఉంచవద్దు. ఉబ్బిన బ్యాటరీని నొక్కి మళ్లీ పెట్టే ప్రయత్నం చేయకుండా వెంటనే మార్చండి. తడి చేతులతో చార్జరు ముట్టవద్దు. ఫోను నీటిలో గాని పాలలో గాని పడితే ఆపివేసి, బ్యాటరీ, సిమ్ తీసి, గుడ్డతో తుడిచి, గాలి తగిలే నీడలో పూర్తిగా ఆరనివ్వండి. పొయ్యి దగ్గర పెట్టవద్దు. ఆరకముందే నొక్కి చూడవద్దు.

చాలా ఫోనులలో ఒక మీటను నొక్కిపట్టితే ఒక నంబరుకు కాలు వెళ్లే ఏర్పాటు ఉంటుంది. 2కు శీతలీకరణ కేంద్రం, 3కు గోపాలమిత్ర, 4కు పశువైద్యుడు, 5కు రూటు పర్యవేక్షకుడు, 6కు అధ్యక్షుడు అని నిర్ణయించి, ఆ పట్టిక గోడ మీద రాయండి. ఎవరి చేతిలో ఫోను ఉన్నా పని జరుగుతుంది. సంచార పశువైద్య వాహనానికి 1962, అత్యవసర సహాయానికి 112 అనే నంబర్లు కూడా అక్కడే రాయండి. ముఖ్యమైన నంబర్లన్నీ ఒక పుస్తకంలో కూడా ఉండాలి. ఫోను పోయినా పుస్తకం ఉంటుంది.

సభ్యులకు సందేశం పంపేటప్పుడు ఒక లెక్క తెలిసి ఉండాలి. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 మాత్రమే పడతాయి. అందులో గుణింతపు గుర్తులు, ఒత్తులు, ఖాళీలు కూడా ఒక్కొక్కటిగా లెక్కకు వస్తాయి. దాటితే అది రెండు సందేశాలవుతుంది. అయినా తెలుగులోనే పంపండి, క్లుప్తంగా పంపండి. "రేపు ఉదయం 7కు గాలికుంటు టీకాలు. పశువులను కట్టి ఉంచండి." ఇది ఒక్క సందేశంలో సరిపోతుంది, అందరికీ అర్థమవుతుంది.

ఫోను పోతే

ఫోను మీద నక్షత్రం, హాష్, 0, 6, హాష్ మీటలు వరుసగా నొక్కితే 15 అంకెల సంఖ్య కనిపిస్తుంది. అది ఆ ఫోను గుర్తింపు సంఖ్య. స్టాకు రిజిస్టరులో ఫోను పేరుకు ఎదురుగా ఈ సంఖ్యను రాసి ఉంచండి. ఫోను పోయినట్లయితే మొదట కంపెనీకి చెప్పి సిమ్ ఆపించాలి. బ్యాంకుకు తెలపాలి. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, 2023లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ తెచ్చిన సంచార్ సాథీ ద్వారా ఆ 15 అంకెలతో ఫోనును పనిచేయకుండా నిలిపివేయించవచ్చు. సంఖ్య రాసి పెట్టుకోనివారు ఈ సమయంలో పాత పెట్టె కోసం, రసీదు కోసం వెతుకుతూ విలువైన రోజులు పోగొట్టుకొంటున్నారు.

పాలకవర్గాలకు ఒక మాట

ఇంతవరకు ఉద్యోగికి చెప్పాము. ఉద్యోగి పక్షాన కూడా చెప్పవలసినది ఉన్నది. ఫోను ఇచ్చాము గనుక రాత్రి పది గంటలకు బిల్లు సంగతి అడగడం న్యాయం కాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచే మనిషికి నిద్ర కావాలి. పశువు ప్రాణం, ఎద, ఈత, కూలరు ఆగిపోవడం వంటివి ఏ వేళనైనా చెప్పవచ్చు. పాలకవర్గం రాత్రి కాలుకు ఎవరు పలకాలో వంతులు వేయాలి. లెక్కల సంగతులు ఉదయానికి ఆగగలవు. అలాగే సంఘం ఫోను కదా అని ఉద్యోగి ఎవరితో మాట్లాడాడో కూపీలు తీయడం పరువైన పని కాదు. ఈ చిక్కు రాకుండా ఉద్యోగి తన సొంత వ్యవహారాలకు, తన బ్యాంకు ఖాతాకు తన నంబరునే వాడుకొనడం ఇద్దరికీ మంచిది.

వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ విషయానికి ఒక పావుగంట కేటాయించవలసిందిగా సభ్య సంఘాలను కోరుతున్నాము. సిమ్ ఎవరి పేరిట ఉన్నదో చూడండి. 15 అంకెల సంఖ్య రిజిస్టరులో రాయండి. సెలవు మీద వెళ్లేటప్పుడు తాళాలు, రిజిస్టర్లు, ఫోను, ఈ మూడూ అప్పగించి సంతకం తీసికొనే పద్ధతి పెట్టండి. ఇందుకు కావలసినది ఒక పేజీ కాగితం, ఒక తీర్మానం.

మేము ముందు చెప్పిన సంఘంలో ఇప్పుడు ఆ పద్ధతి ఉన్నది. మొన్న మేము వెళ్లినప్పుడు కార్యదర్శి గారు ఊరిలో లేరు. ఫోను గోడ అర మీద ఉన్నది. మేము ఉండగానే అది మోగింది. టెస్టరు చేతులు తుడుచుకొని ఎత్తి, "చెప్పండి అమ్మా, సంఘం నుంచే మాట్లాడుతున్నాను" అన్నాడు.